ఏ ఆటలో నేర్పెంత? ఒక లెక్కల డైరీ

మొదటి రోజు

గొడవ పాతదే. అన్ని ఆటల్లోకీ ఎక్కువ నేర్పు కావలసింది బ్యాడ్మింటన్‌కే అంటాడు మా తమ్ముడు. వాడు పదేళ్లుగా షటిల్ ఆడుతున్నాడు కాబట్టి అంటాడు. నేను క్రికెట్ అంటాను. నేను ముప్పై ఏళ్లుగా క్రికెట్ చూస్తున్నాను కాబట్టి అంటాను. నిన్న రాత్రి మాటా మాటా పెరిగి, "అన్నయ్యా, నోటితో ఎవరైనా చెబుతారు, లెక్క వేసి చూపించు" అన్నాడు. సరే అన్నాను. నిద్ర లేచాక ఆ సరే ఎందుకన్నానా అని కాసేపు ఆలోచించాను.

తరువాత మాట మార్చకుండా ఉద్దేశం ఇక్కడే రాసిపెట్టుకుంటున్నాను. కొన్ని ప్రధాన క్రీడలు తీసుకోవాలి. ఒక్కొక్కదానికి ఎంత నేర్పు కావాలో ఒక అంకె కట్టాలి. ఆ అంకెల ప్రకారం వరుసలో నిలబెట్టాలి. గడువు నెల రోజులు. పనిముట్లు: ఒక స్ప్రెడ్‌షీట్, పాత సీజన్ల పాయింట్ల పట్టికలు, ముప్పై సెంటీమీటర్ల స్కేలు ఒకటి, తమ్ముడు.

రెండో రోజు

ఈ పని ఎవరైనా ముందే చేసి ఉంటే నా శ్రమ తప్పుతుందని వెతికాను. చేశారు. అమెరికా క్రీడా ఛానెల్ ఈఎస్‌పీఎన్ ఒకప్పుడు ఎనిమిది మంది నిపుణులను కూర్చోబెట్టి 60 క్రీడలకు మార్కులు వేయించింది. పది అంశాలు, ఒక్కో అంశానికి పది మార్కులు. బాక్సింగ్‌కు 72.375 మార్కులతో మొదటి స్థానం, ఐస్ హాకీకి 71.75తో రెండో స్థానం. అరవయ్యో స్థానంలో 14.5తో చేపలు పట్టడం. (పాపం, గాలం వేసేవాళ్లు ఎవరి జోలికీ పోరు.)

ఆ 72.375 చూడగానే ఏదో ప్రయోగశాలలో తూకం వేసి తెచ్చినట్టు అనిపించింది. కాసేపటికి గుట్టు తెలిసింది. 0.375 అంటే ఎనిమిదింట మూడు. ఎనిమిది మంది వేసిన మార్కులను ఎనిమిదితో భాగిస్తే మూడు దశాంశ స్థానాలు వాటంతట అవే వస్తాయి. అంటే అది తూకం కాదు, ఎనిమిది మంది అభిప్రాయాల సగటు.

అంతకన్నా పెద్ద చిక్కు ఆ పది అంశాల్లోనే ఉంది. దమ్ము, బలం, వేగం, చురుకుదనం, ఒళ్లు వంగే గుణం, దెబ్బలకు తట్టుకోవడం, ధైర్యం... వీటిలో నేను నేర్పు అనదగినవి రెండే: కంటికీ చేతికీ ఉండే పొందిక, ఎత్తుగడ వేసే బుర్ర. మిగిలినవన్నీ ఒంటిని ఆట ఎంత పిండుతుందో చెబుతాయి. అది మంచి ప్రశ్నే కానీ నాది కాదు. ఈ జాబితాను పక్కన పెట్టాను. తమ్ముడికి మాత్రం చెప్పలేదు. చెబితే "మరి బాక్సింగ్ వాళ్లతో వాదించు" అంటాడు.

నాలుగో రోజు

పద్ధతి దొరికింది. బేస్‌బాల్ గణాంకాల వాళ్లు చాలాకాలంగా వాడుతున్నదే. నేర్పును నేరుగా కొలవలేం కాబట్టి అదృష్టాన్ని కొలిచి, మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది నేర్పు అనుకోవడం.

అది ఇలా పనిచేస్తుంది. ఒక లీగులో జట్లన్నీ అచ్చంగా సమానం అనుకుందాం. అప్పుడు ప్రతి మ్యాచ్ బొమ్మా బొరుసూ వేసి తేల్చినట్టే. అయినా చివర్లో పట్టిక చదునుగా ఉండదు. కొన్ని జట్లకు బొమ్మలు ఎక్కువ పడతాయి, కొన్నింటికి తక్కువ. ఆ చెదురు ఎంతో ముందే చెప్పవచ్చు: ఆడిన మ్యాచ్‌ల సంఖ్యను నాలుగుతో భాగిస్తే గెలుపుల విస్తృతి (సగటుకు ఒక్కో జట్టు ఎంత దూరంలో ఉందో ఆ దూరాల వర్గాల సగటు) వస్తుంది. 82 మ్యాచ్‌లు ఆడితే 20.5. దాని వర్గమూలం నాలుగున్నర. అంటే నాణెం మీద నడిచే లీగులో కూడా 41కి అటూ ఇటూ నాలుగైదు గెలుపుల తేడా మామూలే. అసలు పట్టికలో విస్తృతి ఇంతకన్నా ఎంత ఎక్కువ ఉందో అంతా జట్ల మధ్య నిజమైన తేడా.

మొదట అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ, 2023-24 సీజన్. 30 జట్లు, 82 మ్యాచ్‌లు. బోస్టన్‌కు 64 గెలుపులు, అట్టడుగున డెట్రాయిట్‌కు 14. అన్ని జట్ల గెలుపులూ కూడితే 1,230 రావాలి, వచ్చింది. (అంకెలు ఎక్కించేటప్పుడు రెండుసార్లు తప్పు చేశాను. ఈ కూడిక లేకపోతే దొరికేది కాదు.) విస్తృతి 173.9. అందులో అదృష్టం వాటా 20.5. మిగిలింది 88 శాతం.

ఎనభై ఎనిమిది శాతం నేర్పు! మొదటి గడి నింపేశాను. చాలా తేలిగ్గా ఉందే అనుకున్నాను.

ఐదో రోజు

బేస్‌బాల్, 2024 సీజన్. 162 మ్యాచ్‌లు. విస్తృతి 150.3, అదృష్టం వాటా 40.5, మిగిలింది 73 శాతం. కానీ ఇక్కడ మ్యాచ్‌లు బాస్కెట్‌బాల్‌కు రెట్టింపు. ఎక్కువసార్లు ఆడితే అదృష్టం దానంతటదే అరిగిపోతుంది. బేస్‌బాల్‌ను కూడా 82 మ్యాచ్‌లకే ఆపితే 58 శాతానికి దిగుతుంది. కాబట్టి శాతాలు వదిలేసి కొలమానం మార్చాను: పట్టికలో సగం నేర్పు, సగం అదృష్టం కావాలంటే ఎన్ని మ్యాచ్‌లు పడతాయి? బాస్కెట్‌బాల్‌కు 11. బేస్‌బాల్‌కు 60. ఇది మంచి కొలత, చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలిచింది. అప్పుడు చికాగో వైట్ సాక్స్ కనబడ్డారు. ఆ సీజన్లో వాళ్లు 121 మ్యాచ్‌లు ఓడారు. 1900 తరువాత ఏ జట్టూ ఒక్క సీజన్లో అన్ని ఓడలేదు. 30 జట్ల చెదురులో మూడో వంతుకు పైగా ఈ ఒక్క జట్టుదే. దాన్ని తీసేసి మళ్లీ లెక్కకడితే 73 కాస్తా 59 అయింది, 60 మ్యాచ్‌లు కాస్తా 113 అయ్యాయి. ఒక జట్టు మరీ అధ్వానంగా ఆడితే బేస్‌బాల్‌కు నేర్పు పెరిగిపోయిందన్నమాట! ఏదో తేడా ఉందని అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. నిద్ర వచ్చింది.

ఏడో రోజు

ఫుట్‌బాల్. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగు, 2023-24. మొదట పాయింట్లతో వేశాను, తప్పు. ఎవర్టన్‌కు 8 పాయింట్లు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పాయింట్లు కోత పడింది, ఆటలో కాదు, ఖర్చుల నిబంధనలు మీరినందుకు. ఆ కోత నా లెక్కలోకి వస్తే జమాఖర్చులు రాయడం కూడా ఫుట్‌బాల్ నేర్పులో భాగం అవుతుంది. పాయింట్లు వదిలి, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున మళ్లీ వేశాను. 380 మ్యాచ్‌ల్లో 82 డ్రాలు. అంత డ్రాలుంటే నాణెం చెదురు కూడా తగ్గుతుంది, దాన్నీ సరిచేశాను.

ఫలితం: విస్తృతి 42.2, అందులో అదృష్టం 7.5కు కాస్త తక్కువ. సగం సగం కావడానికి 8 మ్యాచ్‌లు చాలు.

బాస్కెట్‌బాల్‌కు 11, ఫుట్‌బాల్‌కు 8. ఇది నేను అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు. ఒక్క గోలుతో మ్యాచ్ తిరిగిపోయే ఆట ఫుట్‌బాల్. ఇదే లీగులో 2015-16 సీజన్ మొదట్లో 5000కు 1 చొప్పున పందెం పలికిన లెస్టర్ చివరికి టైటిల్ కొట్టుకుపోయింది. అలాంటి ఆటకు బాస్కెట్‌బాల్ కన్నా తక్కువ అదృష్టమా? మూడుసార్లు సరిచూశాను. లెక్క సరిగానే ఉంది.

తొమ్మిదో రోజు

నా ఆట వంతు వచ్చింది. ఐపీఎల్ 2024 పట్టిక తీశాను. కోల్‌కతా 20 పాయింట్లు, హైదరాబాద్, రాజస్థాన్ చెరి 17, తరువాత బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, లక్నో నాలుగూ సరిగ్గా 14, గుజరాత్ 12, పంజాబ్ 10, ముంబై 8. గెలుపుకు రెండు పాయింట్లు కాబట్టి 14 మ్యాచ్‌లకు నాణెం చెదురు కూడా 14 వస్తుంది. వానకు కొట్టుకుపోయిన మూడు మ్యాచ్‌లు తీసేస్తే 13.4.

అసలు పట్టిక చెదురు: 11.

నాణెం కన్నా తక్కువ. అంటే నేర్పు వాటా సున్నా కన్నా కింద. పది జట్లూ మైదానానికి వెళ్లకుండా టాస్ వేసుకుని ఇంటికి పోయినా పట్టిక ఇంతకన్నా ఎక్కువే చెదిరేది.

ఒక్క సీజన్ చూసి నమ్మకూడదని మరో మూడు తీశాను. 2022లో 15.2, నాణెం అయితే 14. 2023లో 11.8, నాణెం 13.8. 2025లో 15.2, నాణెం 13.4. నాలుగు సీజన్లు కలిపితే అసలు చెదురు 53.2, నాణెం చెదురు 54.6. కలిపి చూసినా నాణెమే గెలిచింది.

తమ్ముడికి చూపించాను. వాడు నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. స్ప్రెడ్‌షీట్ కేసి చూసి, "అన్నయ్యా, బుమ్రా బౌలింగ్‌లో నువ్వు ఒక ఓవరు ఆడు, అప్పుడు సున్నా ఎవరికో తెలుస్తుంది" అన్నాడు. పద్ధతి మొత్తాన్ని వాడు ఒక్క మాటతో కూల్చేశాడు. అదీ నా ఆట పక్షాన నిలబడి.

పదకొండో రోజు

నిన్న ఏమీ రాయలేదు. పద్ధతి ఎక్కడ తప్పిందో తేల్చుకుంటూ గడిపాను.

లెక్క తప్పలేదు. నేనే దానికి తప్పు పేరు పెట్టాను. పట్టిక చెదురు చెప్పేది ఆటకు ఎంత నేర్పు కావాలో కాదు, ఆ లీగులోని జట్ల నేర్పుల మధ్య ఎంత తేడా ఉందో. ఐపీఎల్‌లో అన్ని జట్లకూ ఆటగాళ్లను కొనడానికి ఒకే పరిమితి, 2024లో అది 100 కోట్ల రూపాయలు. మూడేళ్లకోసారి పెద్ద వేలం పెట్టి పేకలు మళ్లీ కలిపినట్టు జట్లను కలిపేస్తారు. జట్లు సమానం కావాలనే ఆ ఏర్పాటు. అది పనిచేసిందనడానికి నా సున్నాయే సాక్ష్యం. ప్రీమియర్ లీగులో ఖర్చుల నిబంధనలు ఉన్నా, అందరికీ ఒకే పరిమితి లేదు. డబ్బున్న క్లబ్బు మంచివాళ్లను కొంటూ పోతుంది. నేను ఫుట్‌బాల్ నేర్పు అనుకుని కొలిచింది క్లబ్బుల ఖజానాల మధ్య తేడాను.

దీనికి ఇంకో ముఖం ఉంది, అది మరీ విచిత్రం. బేస్‌బాల్‌లో 1941లో టెడ్ విలియమ్స్ 0.406 సగటు కొట్టాడు, అంటే వెయ్యి అవకాశాలకు 406 హిట్ల చొప్పున. ఆ తరువాత అమెరికన్, నేషనల్ లీగుల్లో పూర్తి సీజన్ ఆడి 0.400 దాటినవాడు లేడు. బ్యాటర్లు చెడిపోయారా? కాదంటాడు జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్. ఆట మొత్తం బాగుపడింది. బౌలింగ్ చేసే పిచర్లూ, ఫీల్డర్లూ, బ్యాటర్లూ అందరూ మనిషి చేరగల హద్దు దగ్గరకు చేరుకున్నారు. అందరూ గోడకు ఆనుకుని నిలబడితే ఒకడు మిగిలినవాళ్ల కన్నా చాలా ముందుండే వీలే లేదు. సగటు ఆటగాడు ఎదిగాడు కాబట్టే అసాధారణుడు కనుమరుగయ్యాడు.

అంటే నేర్పు పెరిగేకొద్దీ నా మీటరు పడిపోతుంది. అందరూ సమానంగా దిగ్గజాలైతే సున్నా చూపిస్తుంది. ఎంత నిఖార్సుగా తప్పు చూపించే మీటరో!

పన్నెండో రోజు

ఇదే మాటకు ఎదురు రుజువు ఒకటి దొరికింది. 2023 ఆసియా క్రీడల్లో నేపాల్, మంగోలియా టీ20 ఆడాయి. నేపాల్ 20 ఓవర్లలో 3 వికెట్లకు 314 కొట్టింది. మంగోలియా 41కి ఆలౌట్. తేడా 273 పరుగులు. ఆట అదే, ఓవర్లు అవే 20. ఐపీఎల్‌లో నాణెంలా కనిపించిన టీ20, నేర్పులో తేడా ఉన్నచోట దాన్ని ఎంత నిర్దాక్షిణ్యంగా బయటపెట్టిందో! పైగా నేపాల్ ప్రపంచంలో మేటి జట్టేమీ కాదు. దానిని చిత్తు చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లను ఓడించేవాళ్లు ఉన్నారు.

దీన్నుంచి కొత్త కొలత తోచింది: మెట్లు. కొత్తగా మొదలుపెట్టినవాడి నుంచి ప్రపంచ విజేత దాకా, పై మెట్టువాడు కింది మెట్టువాడిని నాలుగింట మూడుసార్లు ఓడించేలా ఎన్ని మెట్లు కట్టవచ్చు? చదరంగంలో ఇది సులువు. రేటింగులో 200 పాయింట్ల తేడా అంటే పైవాడికి నాలుగింట మూడు వంతుల ఫలితం రావాలని ఆ లెక్కే చెబుతుంది. మాగ్నస్ కార్ల్‌సన్ శిఖరం 2014లో 2882. ఎనిమిది వందల దగ్గర తడబడే నాలాంటివాడి నుంచి అక్కడికి పది మెట్లు. నాణెం ఆటకు ఒక్క మెట్టూ ఉండదు.

బ్యాడ్మింటన్‌కు నేనే కింది మెట్టుగా నిలబడ్డాను. తమ్ముడితో 21-6, 21-8. వాడు వారానికోసారి ఆడే ఒక రాష్ట్ర స్థాయి ఆటగాడి మీద వాడి స్కోరు 9 దాటలేదట. ఆ కుర్రాడు ఒక జాతీయ స్థాయి ఆటగాడి మీద ఒక్క గేమూ గెలవలేదట. అక్కడి నుంచి పైకి చూడటానికి నాకు మెడ చాలలేదు. పైగా ఇవి నాలుగింట మూడు మెట్లు కావు, ఒక్కొక్కటీ మూడు నాలుగు మెట్ల ఎత్తు.

పదిహేనో రోజు

ఒక్కో ఆటకు మెట్లు ఎందుకు ఎక్కువ, ఎందుకు తక్కువ? సగం జవాబు లెక్కలోనే ఉంది. ఒక మ్యాచ్‌లో నాణెం ఎన్నిసార్లు ఎగురుతుందన్నదే అది.

బ్యాడ్మింటన్‌లో నేను ప్రత్యర్థి కన్నా కొంచెం మెరుగు, నూరు ర్యాలీల్లో 60 గెలుస్తాను అనుకుందాం. 21 పాయింట్ల గేమ్ గెలిచే అవకాశం 90 శాతం. మూడింట రెండు గేములు గెలవాల్సిన మ్యాచ్ అయితే 97 శాతం. ఇప్పుడు ఫుట్‌బాల్‌లో అదే 60 శాతం ఆధిక్యం పెట్టి చూద్దాం: సగటున నాకు 1.8 గోల్స్, అవతలివాళ్లకు 1.2. నేను గెలిచే అవకాశం 51 శాతం. డ్రా 23. మిగిలిన పావు వంతు సార్లు ఓటమే. ఆధిక్యం ఒకటే. ఒకచోట దాదాపు ఖాయం, ఇంకోచోట సగం సగం. 2023-24 ప్రీమియర్ లీగులో మ్యాచ్‌కు సగటున 3.28 గోల్స్ పడ్డాయి, అదే ఆ లీగులో రికార్డు. గోలు అంత అరుదు కాబట్టే దాని కోసం జనం గొంతు చించుకుంటారు.

ఇది చూసి తమ్ముడు మురిసిపోయాడు. బ్యాడ్మింటన్ గెలిచింది, ప్రాజెక్టు ముగించెయ్యమన్నాడు. నేను వాడిని వంద మీటర్ల పరుగు గురించి అడిగాను. అందులో అదృష్టం దాదాపు లేదు. వేగంగా పరుగెత్తేవాడే గెలుస్తాడు. మరి అన్నిటికన్నా నేర్పు కావలసింది తిన్నగా పరుగెత్తడానికేనా? వాడు కాసేపు మాట్లాడలేదు. అదృష్టానికి వ్యతిరేకపదం నేర్పు అనుకుని ఇద్దరం పదిహేను రోజులు నడిచాం. ఎత్తు, కండ, ఊపిరి కూడా అదృష్టాన్ని తగ్గిస్తాయి. ఎన్‌బీఏలో నా 88 శాతంలో ఎంత భాగం చేతివాటమో, ఎంత భాగం ఏడడుగుల మనుషులు దొరకడం కష్టం కావడమో ఎవరు విడదీస్తారు? (160 సెంటీమీటర్ల మగ్సీ బోగ్స్ అక్కడ 14 సీజన్లు ఆడాడు. ఆయన వాటా పూర్తిగా నేర్పే అని ఒప్పుకుంటాను.)

పదిహేడో రోజు

పట్టికలు మూసేశాను. ఇక చేతిపని.

స్కేలు పరీక్ష: ఒకరు స్కేలును నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదలాలి. రెండోవారు దాని కింది కొస దగ్గర బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచి పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారిందో దాన్నిబట్టి స్పందించడానికి పట్టిన సమయం వస్తుంది. పదేసి సార్లు చేశాం. నా సగటు 21 సెం.మీ., అంటే 0.207 సెకను. తమ్ముడిది 17 సెం.మీ., 0.186 సెకను.

ఇద్దరి మధ్య తేడా సెకనులో యాభయ్యో వంతు. నన్ను 21-6తో ఓడించినవాడు నాకన్నా ముందున్నది ఇంతేనా? వాడు స్మాష్ కొడితే నేను కదిలేలోపే షటిల్ నేల మీద ఉంటుంది. నేను కొడితే వాడు అక్కడ ముందే నిలబడి ఉంటాడు. కన్ను చురుకు కాదు, వేరే ఏదో ఉంది.

బంతుల లెక్క కూడా అదే అంటోంది. గంటకు 140 కి.మీ. వేగంతో వచ్చే బంతి క్రికెట్ బ్యాటర్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. 95 మైళ్ల బేస్‌బాల్‌కు 0.4 సెకను. అందులో 0.2 సెకను కేవలం కళ్లు చూసి చెయ్యి కదలడానికే సరి. బ్యాటు తిప్పడానికి పట్టే సమయం వేరే. షటిల్ సంగతి సరేసరి: 2023లో సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి స్మాష్ 565 కి.మీ. వేగంతో రికార్డుకెక్కింది. అయితే అది రాకెట్ విడిచిన క్షణంలోని వేగం, ఈకల వల్ల మధ్యలోనే సగానికి సగం పడిపోతుంది. ఇవేవీ చూసి ఆడగలిగేవి కావు. ముందే తెలిసి ఆడాలి.

ఇరవయ్యో రోజు

ముందే తెలియడాన్ని కొలిచాం. మ్యాచ్ వీడియోల నుంచి చిన్న ముక్కలు కోసి, రాకెట్ షటిల్‌ను తాకే క్షణానికి సరిగ్గా ఆపాలి. ఎడమకు వెళ్తుందా, కుడికా? ఇరవై ముక్కలు. అలాగే క్రికెట్‌లో బౌలర్ చేతి నుంచి బంతి విడిపోయే క్షణానికి ఆపి, పొట్టి బంతా, నిండు బంతా? ఇరవై ముక్కలు.

బ్యాడ్మింటన్: తమ్ముడికి 14, నాకు 9. క్రికెట్: నాకు 15, తమ్ముడికి 11.

నా 9 అంటే నాణెం కన్నా హీనం. ఆ 15 మాత్రం ఈ నెలలో నాకు దక్కిన ఒకే ఒక్క గౌరవం. మురిసిపోకూడదు, ఎందుకంటే ఊరికే ఊహించినా ఇరవైలో 15 లేదా అంతకన్నా ఎక్కువ రావడానికి రెండు శాతం అవకాశం ఉంది, 14కైతే ఆరు శాతం. అయినా నేను బ్యాటు పట్టి ఎన్నేళ్లయిందో! కూర్చుని చూసినందుకే కంటికి ఏదో అబ్బింది. మణికట్టులోనో, భుజం వంపులోనో నేను చూస్తున్నది ఏమిటని తమ్ముడు అడిగితే చెప్పలేకపోయాను. వాడినీ అడిగాను, షటిల్ ఎడమకని ఎలా తెలిసిందని. "తెలిసింది అంతే" అన్నాడు.

దీనికి మేటి ఉదాహరణ 2004లో జరిగింది. సాఫ్ట్‌బాల్ పిచర్ జెనీ ఫించ్ ఒక ప్రదర్శన మ్యాచ్‌లో బేస్‌బాల్ దిగ్గజం ఆల్బర్ట్ పుహోల్స్‌ను అవుట్ చేసింది, బ్యాటుకు బంతి తగలకుండా. సాఫ్ట్‌బాల్ పెద్దది, నెమ్మదైనది. అయితే దగ్గర నుంచి వేస్తారు కాబట్టి బ్యాటర్‌కు దొరికే సమయం బేస్‌బాల్‌తో దాదాపు సమానం. సమయం అదే, కళ్లు అవే, చేతులు అవే. మారింది ఒక్కటే: ఆమె చెయ్యి కింద నుంచి వస్తుంది. పుహోల్స్ వేల పిచర్ల భుజాలు చూసి పోగుచేసుకున్న ఎరుక అక్కడ చెల్లలేదు.

క్రికెట్‌లో ఈ చూపును నేరుగా కొలిచారు కూడా. 2000లో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే పరిశోధకులు బ్యాటర్ల కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించారు. బంతి చేతి నుంచి విడిపోయేటప్పుడు చూస్తారు, తరువాత దాన్ని వెంబడించరు. అది పిచ్‌పై ఎక్కడ పడుతుందో అక్కడికి కళ్లు ముందే దూకి దాని కోసం కాచుకుంటాయి. మంచి బ్యాటర్ కళ్లు ముందుగా దూకుతాయి. "చివరిదాకా బంతినే చూడు" అని చిన్నప్పటి నుంచి విన్న మాట ఉంది కదా, మేటి ఆటగాళ్లు పాటించని మాట అదన్నమాట.

ఇరవై మూడో రోజు

తమ్ముడి ఆలోచన: నేర్పు ఎక్కువ కావలసిన ఆటలోకి ఆలస్యంగా వచ్చి శిఖరం చేరలేరు. కాబట్టి ఆలస్యంగా వచ్చి గెలిచినవాళ్లను ఏరుదాం. మంచి ఆలోచన, ఒప్పుకోక తప్పలేదు.

బాస్కెట్‌బాల్ ఆడే బహమాస్ కుర్రాడు డోనాల్డ్ థామస్ 2006లో హైజంప్ మొదలుపెట్టి 2007లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. హెలెన్ గ్లోవర్ 2008లో తెడ్డు పట్టి 2012 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. లిజీ యార్నల్డ్ 2008లో స్కెలిటన్ (మంచు దారిలో తల ముందుకు పెట్టి పడుకుని జారే ఆట) స్లెడ్జి ఎక్కి 2014లో స్వర్ణం తెచ్చింది. అవతలి వైపు మైకేల్ జోర్డాన్: 1994లో బాస్కెట్‌బాల్ వదిలి కింది స్థాయి బేస్‌బాల్ లీగులో ఆడితే సగటు 0.202. అంతటి శరీరం, అంతటి పట్టుదల, అయినా ఆ బంతి తగల్లేదు. టెన్నిస్‌లో, జిమ్నాస్టిక్స్‌లో ఇరవై దాటాక మొదలుపెట్టి ప్రపంచ విజేత అయినవాళ్లు ఎంత వెతికినా తగల్లేదు.

వరుస కుదిరిందని తమ్ముడు అంటుండగానే నాకు పాత అనుమానం వచ్చింది. స్కెలిటన్ ఆడేవాళ్లు ప్రపంచంలో ఎంతమంది, ఫుట్‌బాల్ ఆడేవాళ్లు ఎంతమంది? కోట్ల మంది పిల్లలు ఆరేళ్ల నుంచి స్లెడ్జిల మీద జారుతూ పెరిగితే అక్కడ కూడా ఇరవై ఏళ్లవాడికి చోటు దొరకదు. మళ్లీ మేం కొలిచింది ఆటను కాదు, దానికి ఎగబడిన జనాన్ని.

ఆష్లీ బార్టీ పేరు ఏ గడిలోనూ పట్టలేదు. టెన్నిస్ మానేసి, 2015-16లో ఆస్ట్రేలియా మహిళల బిగ్ బాష్‌లో క్రికెట్ ఆడి, మళ్లీ టెన్నిస్‌కు పోయి 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్ గెలిచింది. ఆమెను గమనికల్లో రాసుకున్నాను.

ఇరవై ఏడో రోజు

స్ప్రెడ్‌షీట్ ఈ రోజుకు ఇలా ఉంది. "నేర్పు" అన్న శీర్షిక తీసేశాను. దాని స్థానంలో నాలుగు నిలువు వరుసలు: ఒక మ్యాచ్‌లో నాణెం ఎన్నిసార్లు ఎగురుతుంది, బంతికీ చేతికీ మధ్య ఎంత సమయం, మొదటి మెట్టు నుంచి పై మెట్టుకు ఎంత ఎత్తు, ఆ మెట్ల మీద ఎంత జనం. మొదటి రెండూ ఆట పెట్టేవి, నియమాల పుస్తకం చూసి నింపవచ్చు. చివరి రెండూ మనుషులు పెట్టేవి, ఏళ్లు గడిచేకొద్దీ మారతాయి. "స్థానం" అన్న వరుస ఖాళీగా ఉంది. నాలుగింటినీ కలిపి ఒక అంకె చేయాలంటే దేనికి ఎంత బరువు ఇవ్వాలో నేనే నిర్ణయించాలి. అప్పుడు ఆ ఎనిమిది మంది నిపుణులకు నేను తొమ్మిదోవాడిని అవుతాను, దశాంశాలు మాత్రం కాస్త మారతాయి.

ఐపీఎల్ సున్నాను చెరపలేదు. దాన్ని చూస్తే ఇప్పుడు కోపం రావడం లేదు. అందులో ఎంత పని దాగి ఉందో తెలుసు.

"ఇంతకీ ఏది మొదటిది?" అని తమ్ముడు అడిగాడు. ఖాళీ వరుస చూపించాను. వాడికి నచ్చలేదు. వీడియో పరీక్ష మళ్లీ పెడదాం, ఈసారి ఒక్కో ఆటకు యాభై ముక్కలు, బ్యాడ్మింటన్‌వి వాడే కోస్తానన్నాడు. రాత్రంతా కూర్చుని కోశాడు. నమూనాకని మూడు చూపించాడు. మూడింటిలో భుజం కుడికి తిరిగింది, రాకెట్ కుడికి తిరిగింది, నేను కుడి అన్నాను. మూడూ ఎడమకే వెళ్లాయి.